ఓబులేసు ఎడమ మోచేయి

కరోనాకు రెండేళ్ల ముందు, ఫిబ్రవరిలో, సింగపూర్‌లోని ఒక క్రీడా చానల్‌లో తెలుగు వ్యాఖ్యాతగా చేరాను. హోదా ఎక్స్‌పర్ట్. మా పనిలో మైకుల ముందు ఇద్దరు కూర్చుంటారు. ఏం జరిగిందో చెప్పేవాడు లీడ్, ఎందుకు జరిగిందో చెప్పేవాడు ఎక్స్‌పర్ట్. లీడ్‌కు మంచి గొంతు కావాలి. ఎక్స్‌పర్ట్‌కు ఆ ఆట ఆడి ఆడి అరిగిపోయిన ఒళ్లు కావాలి. నాకున్నది రెండోదే. అనంతపురం నుంచి వెళ్లి రాష్ట్ర జట్టుకు చాలా ఏళ్లు ఫాస్ట్ బౌలింగ్ చేశాను. కుడి భుజం మొరాయించాక రేడియోలోకి, అక్కడి నుంచి టీవీలోకి వచ్చాను.

మ్యాచ్ ఏ దేశంలో జరిగినా మేం మాట్లాడేది జురాంగ్ ఈస్ట్‌లో ఒక ఆఫీసు భవనంలోని కిటికీ లేని గదిలోంచి. తెర చూసి చెప్పే ఈ పద్ధతిని ఆఫ్ ట్యూబ్ అంటారు. చూసేవాళ్లు మేం గ్రౌండులోనే ఉన్నామనుకునేవారు; కాదని మేమెప్పుడూ చెప్పలేదు. "ఎండ మండిపోతోంది" అనవచ్చు గానీ "మాకిక్కడ ఎండ మండిపోతోంది" అనకూడదని మాకో నియమం. ఎయిర్ కండిషనర్ చలికి శాలువా కప్పుకుని ఎండ గురించి మాట్లాడేవాళ్లం.

గదిలో మా ముందు రెండు తెరలుండేవి. మొదటిదాంట్లో కనిపించేది ప్రేక్షకులు ఇంట్లో చూసేదే. రెండోదాంట్లో, ప్రేక్షకులకు రీప్లేలూ ప్రకటనలూ వేస్తున్నప్పుడు కూడా, గ్రౌండు పక్కనున్న కెమెరా బొమ్మ ఆగకుండా వస్తూ ఉంటుంది. చెవిలో ప్రొడ్యూసర్ గొంతు. చేతి దగ్గర దగ్గు బటన్: అది నొక్కి పట్టుకున్నంతసేపు మన మైకు మూగబోతుంది. పేరుకు దగ్గు కోసమే గానీ, పక్కవాడితో గుసగుసలాడటానికే ఎక్కువ వాడేవాళ్లం. ఫోన్లు బయట లాకరులో పెట్టి తాళం వేస్తే తప్ప లోపలికి రానివ్వరు. పందేలు కాసేవాళ్లకు కబురు పోకుండా ఆ కట్టుబాటు.

నా స్వభావం గురించి ఇక్కడే చెప్పేస్తే మేలు. నాకు అనుమానం ఎక్కువ. బౌలర్‌కు అది జబ్బు కాదు, పనిముట్టు. ఎదుటివాడు కాలు కాస్త జరిపి నిలబడితే ఎందుకు జరిపాడా అని ఆలోచించినవాడికే వికెట్ దక్కుతుంది. మా ఆవిడ లలిత మాత్రం ఆ పనిముట్టును ఇంటి బయట పెట్టి రమ్మనేది. ఎవరైనా ఊరికే నవ్వి పలకరిస్తే, వీడికి నాతో ఏం పనుందో అనుకునేవాణ్ని. ఇప్పటికీ అనుకుంటాను.

మా లీడ్ మురళి ఎప్పుడూ నవ్వేవాడు. గుంటూరు వైపు మనిషి, ఒకప్పటి బ్యాట్స్‌మన్. ఆడే రోజుల్లో అతన్ని రెండుసార్లు అవుట్ చేశాను కాబట్టి నన్ను చనువుగా బావా అని పిలిచేవాడు. ఆ లెక్కలో చుట్టరికం ఎలా కుదిరిందో నాకు తెలియదు. మధ్యాహ్నం మ్యాచ్‌లకు ముందు కింద తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్‌లో నాకోసం బల్ల మీద టిష్యూ పొట్లం పెట్టి చోటు చోప్ చేసి, అంటే ఆపి, ఉంచేవాడు. అతని తమ్ముడి కొడుకు కిరణ్ మేం వ్యాఖ్యానం చెప్పే లీగ్‌లోనే ఒక జట్టుకు ఓపెనర్. ఆ సంగతి అందరికీ తెలుసు, దాపరికం లేదు. అయినా ఒక వ్యాఖ్యాతకు ఆడే పిల్లవాడు సొంతవాడైతే నా చెవులు కాస్త నిక్కుతాయి.

ఆ సీజన్‌లోనే ఓబులేసు వచ్చాడు. కదిరి దగ్గర పల్లెటూరి కుర్రాడు, అంటే మా జిల్లావాడు. మంచి వేగం, కానీ ఆ వేగం అతనికన్నా ఎక్కువున్నవాళ్లు లీగ్‌లో చాలామంది ఉన్నారు. అతన్ని జట్టులో నిలబెట్టింది స్లోవర్ బాల్. ఆ బంతి వేసేటప్పుడు చెయ్యి మామూలు వేగంతోనే తిరుగుతుంది, బంతి మాత్రం ఆలస్యంగా వస్తుంది. బ్యాట్స్‌మన్ ముందే బ్యాటు ఊపేసి గాలిని కొట్టి నిలబడతాడు. దీనికోసం బంతిని వేళ్ల చివర్లలో కాకుండా అరచేతిలోకి లోతుగా దించి పట్టుకోవాలి. కిటుకంతా, ఆ పట్టు మారడం ఎదుటివాడికి తెలియకుండా ఉండటంలోనే ఉంది.

రెండో తెరలో నాకు తెలిసిపోయింది. రన్నప్ మొదట్లో నిలబడి బంతి సర్దుకునేటప్పుడు, మామూలు బంతికి అతని ఎడమ మోచేయి ఒంటికి అతుక్కుని ఉండేది, చంకలో గొడుగు పెట్టుకున్నవాడిలా. స్లోవర్ బాల్‌కు మాత్రం ఎడమ చేత్తో బంతిని అరచేతిలోకి నొక్కుతాడు కదా, అప్పుడు మోచేయి పక్కకు లేచేది. గొడుగు జారిపోయేది. ఆ క్షణంలో ప్రేక్షకులు రీప్లే చూస్తుంటారు. బ్యాట్స్‌మన్‌కు ఎదురుగా ఉన్నవాడి మోచేయి పక్కకు లేచిందో లేదో అంత దూరం నుంచి ఆనదు. పక్కనుంచి చూసే ఆ కెమెరాకే దొరికింది.

మా ప్రొడ్యూసర్ టాన్ అప్పటికే చెవిలో పోరుతున్నాడు, ప్రేక్షకులకు కనిపించనిది ఏదైనా చెప్పమని. మాజీ బౌలర్‌ను జీతమిచ్చి పెట్టుకున్నది అందుకేనని. "ఇప్పుడొచ్చేది నెమ్మది బంతి కావచ్చు, చూడండి" అన్నాను. నెమ్మది బంతే వచ్చింది. తర్వాతి ఓవర్‌లో మళ్లీ అన్నాను, మళ్లీ వచ్చింది. రెండు మ్యాచ్‌లు గడిచేసరికి ఆ ముక్కలు కత్తిరించి ఊళ్లో జనం ఫోన్లలో పంచుకున్నారు. టాన్ పొంగిపోయాడు.

మురళి దగ్గు బటన్ నొక్కిపట్టి నా వైపు వంగాడు. "ఎట్టా కనిపెడతన్నావు బావా? నాకూ చెప్పొచ్చుగా" అన్నాడు. నేనూ బటన్ నొక్కి, ఊరికే తట్టిందన్నాను. తర్వాతి మ్యాచ్‌లో మళ్లీ అడిగాడు. హాకర్ సెంటర్‌లో చేపల కూర ముందు మళ్లీ అడిగాడు.

చెప్పకపోవడానికి కారణం అతని మీద అనుమానం ఒక్కటే కాదు. నాకు బౌలింగ్ నేర్పిన పెద్దాయన పెట్టిన కట్టడి ఒకటుంది: బౌలర్ చేతిలో లోపం కనిపిస్తే బౌలర్‌కే చెప్పాలి, బ్యాటు పట్టినవాడి చెవిన పడకూడదు, వాడు నీ తోడబుట్టినవాడైనా సరే. నెట్స్‌లో సొంత జట్టు బ్యాట్స్‌మన్లు అడిగినా మేం నోరు మెదిపేవాళ్లం కాదు. ఈ రోజు మన జట్టులో ఉన్నవాడు వచ్చే ఏడాది ఏ జట్టులో ఉంటాడో ఎవరికి తెలుసు! మరి ఓబులేసుకే చెప్పవచ్చు కదా అంటే, సీజన్ నడుస్తుండగా వ్యాఖ్యాతలు ఆటగాళ్లతో మాట్లాడకూడదు. అది రాసిపెట్టిన నియమం, దాటితే ఇద్దరికీ శిక్ష. సీజన్ అయిపోయాక చెబుదామనుకున్నాను. ఈలోగా ముందే చెప్పడం మానేశాను, టాన్ ఎంత పోరినా.

ఆలస్యమైంది. ఒక సోమవారం ఉదయం, నన్ను విచారణ ముగిసేదాకా మైకుకు దూరంగా ఉంచుతున్నట్టు చానల్ నుంచి కబురు వచ్చింది. నా మీద పేరు లేని ఫిర్యాదు అందింది. ఏ బంతి వస్తుందో నాకు బౌలరే ముందుగా చెబుతున్నాడని, ఇద్దరిదీ ఒకే జిల్లా అని, బౌలర్‌కు అన్న అయిన నరసింహులు సెంబవాంగ్ షిప్‌యార్డులో పనిచేస్తాడని, నేను అతనితో దిగిన ఫొటో ఉందని.

ఫొటో నిజమే. సెంబవాంగ్‌లో మన కూలీలు ఆదివారాలు క్రికెట్ ఆడుకుంటారు. బహుమతులివ్వడానికి ఒకసారి నన్నూ మురళినీ పిలిచారు. కప్పు అందుకున్నవాడు నరసింహులు. ఫొటో తీసింది మురళి.

ఆ ఫిర్యాదు నిలబడితే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. సింగపూర్‌లో నేనుండే అనుమతి నా కాంట్రాక్టుకు ముడిపడి ఉంది. కాంట్రాక్టు పోతే నెలలోపు మూటాముల్లె సర్దుకోవాలి. మా అమ్మాయి శ్రావ్య ఆ ఏడే 'ఓ లెవెల్' పరీక్షలు, మన పదో తరగతి లాంటివి, రాయాలి. ఇక ఓబులేసుకు జరిగేది అంతకన్నా ఘోరం. నేనెలా కనిపెట్టానో చెప్పకపోతే అతను మ్యాచ్ అమ్ముకున్నవాడవుతాడు. చెబితే ఆ మోచేయి సంగతి కాగితానికెక్కి నాలుగు చేతులు మారి బ్యాట్స్‌మన్ల దగ్గరికి చేరుతుంది. ఎటు తిరిగినా నా నోటితోనే ఆ కుర్రాడి అన్నం పోతుంది. ఆ రోజు నాకు కోపం కన్నా భయమే ఎక్కువ వేసింది.

యీషున్‌లోని మా ఫ్లాట్‌లో ఆ సాయంత్రం లలిత నా అనుమానాలన్నిటినీ మొదటిసారి ఓపిగ్గా వింది. తనకు టాన్ మీద కూడా అనుమానంగానే ఉందన్నది. చానల్‌కు పేరొస్తుందంటే అతను దేనికైనా సిద్ధపడతాడట. స్కూల్లో ఎవరైనా ఏమైనా అంటారేమోనని శ్రావ్యను అడిగితే, "డోంట్ వర్రీ లా నాన్నా, మా క్లాసులో తెలుగు చానల్ ఎవరు చూస్తారు?" అంది సింగపూర్ యాసలో. ధైర్యం చెప్పిందో, నా స్థాయి చెప్పిందో తెలియలేదు.

లీగ్ నియమించిన విచారణ అధికారి పేరు మాలిని. ముప్పై ఐదేళ్లుంటాయేమో. ముత్తాత విశాఖ వైపు నుంచి మలయా రబ్బరు తోటల్లో పనికి వచ్చాడట. ఆమె పుట్టింది, పెరిగింది ఇక్కడే. తెలుగులో తమిళం, మలయ్ కలిపి మాట్లాడేది. మొదట మిస్టర్ రమణ అని ఇంగ్లిష్‌లో మొదలుపెట్టి, టీ వచ్చేసరికి అంకుల్‌లోకి దిగింది. "నాకు క్రికెట్ తెలీదు అంకుల్. ఆ కట్టె ఎటు పట్టుకుంటారో కూడా తెలీదు. సుమ్మా మీరు నిదానంగా చెప్పండి" అంది. ఆ మాటతో నాకు ప్రాణం లేచొచ్చింది. విచారణ మొత్తం మీద బ్యాట్స్‌మన్ కాదని నమ్మకంగా తెలిసిన మనిషి ఆమె ఒక్కతే.

ఫిర్యాదు చదివి వినిపించమన్నాను. చివర్లో ఒక వాక్యం ఉంది. వ్యాఖ్యాత దేన్ని చూసి బంతిని గుర్తుపడుతున్నాడో ఆ గుర్తును వివరంగా నివేదికలో నమోదు చేయాలని కోరుతున్నాను, అని.

మళ్లీ చదవమన్నాను. దొంగతనం జరిగిందని ఫిర్యాదు చేసేవాడు దొంగను పట్టుకోమంటాడు గానీ, తాళం ఎలా తెరిచారో వివరంగా రాసిపెట్టమని అడగడు. నేను ఎవరికి ఫోన్ చేస్తున్నానో, డబ్బు ఎవరిస్తున్నారో చూడమని ఆ కాగితంలో ఒక్క ముక్క లేదు. నివేదిక ఎవరెవరు చదువుతారని అడిగాను. లీగ్ ఆఫీసు, మా చానల్ పెద్దలు, వ్యాఖ్యాతల్లో సీనియర్లు అంది మాలిని. మా తెలుగు విభాగంలో సీనియర్ మురళి.

ఆమెకు నా అనుమానం పూర్తిగా ఎక్కలేదు. "ఊహ రాయలేను అంకుల్, చూపిస్తే రాస్తాను" అంది. అయితే పరీక్ష పెట్టమన్నాను. నాకు పరిచయం లేని బౌలర్ల పాత మ్యాచ్‌లు తెప్పించి, శబ్దం తీసేసి, పక్క కెమెరా బొమ్మ మాత్రం వేయమన్నాను. ప్రతి బంతికీ ముందే చెప్పాను. చాలాసార్లు సరిపోయింది, కొన్నిసార్లు తప్పింది. ఆ తప్పుల వల్లే నన్ను నమ్మానని ఆమె తర్వాత చెప్పింది. ముందే తెలిసినవాడు తప్పు చెప్పడు కదా అని. అది మంచి తర్కం. నాకెప్పుడూ తట్టనిది.

అయినా ఫిర్యాదు ఓబులేసు మీద కాబట్టి అతని గుర్తేమిటో చెప్పక తప్పదన్నది. రాయనని మాటిస్తే చెబుతానన్నాను. రాయకుండా ఎలాగన్నది. "ఆ బంతి ఒక్కటే వాడి బతుకమ్మా. అది పోతే వాడిలాంటివాళ్లు జిల్లాకు వందమంది" అన్నాను. ఆమె కలం మూతపెట్టి బల్ల మీద పెట్టింది. చెప్పాను. ఓబులేసు రికార్డింగ్ వేసుకుని, ఇప్పుడు నెమ్మది, ఇప్పుడు కాదు అని తనే చెప్పడం మొదలుపెట్టింది. కట్టె ఎటు పట్టుకోవాలో తెలియని మనిషి నాకన్నా తక్కువ తప్పులు చేసింది. నివేదికలో "గుర్తును అధికారి స్వయంగా చూసి ధ్రువీకరించారు" అని మాత్రం రాస్తాననీ, పైవాళ్లు ఒప్పుకుంటారో లేదో చెప్పలేననీ అంది. వాళ్లు వివరం అడిగితే చెప్పక తప్పదు.

అక్కడితో ఊరుకుని ఉంటే ఈ కథ వేరేలా ముగిసేది. కానీ వికెట్ ఎదురుగా కనిపిస్తుంటే ఊరుకోవడం నాకు చేతకాదు. ముల్లును ముల్లుతోనే తీయాలనుకున్నాను.

పరామర్శకని మురళి యీషున్ వచ్చాడు. మా బ్లాకు కింద కాఫీ షాపులో కూర్చున్నాం. నా కోసం నిజంగానే బాధపడ్డాడు. టాన్‌తో గట్టిగా మాట్లాడానన్నాడు. ఎవడో ఓర్వలేనివాడు రాసి ఉంటాడన్నాడు. ఆ తర్వాత కప్పు కింద పెట్టి, "ఇంతకీ ఆ కుర్రోడిలో ఏం చూశావు బావా? నాకు చెబితే నీ తరఫున సాక్ష్యం చెబుతాగా" అన్నాడు.

ఇష్టం లేనట్టు అటూ ఇటూ చూసి, నీకొక్కడికే చెబుతున్నానని చెప్పాను. రన్నప్‌కు ముందు కుడి అరచేతిని ప్యాంటుకు తుడుచుకుంటే స్లోవర్ బాల్ వస్తుందన్నాను.

అది నిజానికి తలకిందులు. ఓబులేసు చెయ్యి తుడుచుకునేది తన అన్నిటికన్నా వేగమైన యార్కర్ ముందు. ఆ బంతికి వేళ్లు పొడిగా ఉండాలి. చెయ్యి తుడుచుకోవడం చూసి నెమ్మది బంతి కోసం కాచుకున్నవాడి కాళ్ల దగ్గర పిడుగు పడుతుంది. మాట చెబుతున్నప్పుడు నాకు ఎన్నాళ్లకో మళ్లీ బంతి చేతిలోకి వచ్చినంత సంతోషం కలిగింది. దాచుకోవడం దేనికి, మహా సంతోషం కలిగింది.

శనివారం ఓబులేసు జట్టుకూ కిరణ్ జట్టుకూ మ్యాచ్. ఆ ఉదయం మాలినికి సంగతంతా చెప్పాను: ఒక మనిషికి ఒక అబద్ధం చెప్పాను, అది గ్రౌండు చేరిందో లేదో నాతో కూర్చుని చూడమని. ఆమె ముఖం మాడిపోయింది. "ఏం పని చేసినారు అంకుల్! నిజమో అబద్ధమో, మీరు బయట నుంచి ఆటలోకి మాట పంపినారు. అది ఆపడానికే నన్ను పెట్టుకున్నారు" అంది. పోయిన మాటను వెనక్కి తేలేం కాబట్టి ఆమె తన పైఅధికారికి ఫోన్ చేసి చెప్పి, అన్ని కెమెరాల బొమ్మలూ తెప్పించే ఏర్పాటు చేసి, నాతో కూర్చుంది.

కిరణ్ నాన్ స్ట్రైకర్‌గా బౌలర్ వైపు వికెట్ల దగ్గర నిలబడ్డాడు. మామూలుగా ఆ చివరనున్నవాడు పరుగుకు సిద్ధంగా ముందుకు చూస్తుంటాడు. కిరణ్ పూర్తిగా వెనక్కి తిరిగి ఓబులేసు ప్యాంటు వైపే చూస్తున్నాడు. ఓబులేసు చెయ్యి తుడుచుకున్నాడు. కిరణ్ బ్యాటును కుడి చేతిలోంచి ఎడమ చేతిలోకి మార్చుకున్నాడు, అదే సైగ. అటువైపున్నవాడు నెమ్మది బంతి కోసం తీరిగ్గా ముందుకొచ్చి, బ్యాటు దించేలోపే మధ్య స్టంపు పోగొట్టుకున్నాడు. కాసేపటికి కిరణ్ వంతు వచ్చింది. ఈసారి చేతులు మార్చింది అవతలివాడు. కిరణ్ కూడా అలాగే వెళ్లాడు. మాలిని క్రికెట్ గురించి ఏమీ అడగలేదు. "అర్థమైంది అంకుల్" అని మాత్రం అంది.

మాలిని మురళిని పిలిచి అడిగితే, తమ్ముడి కొడుక్కి మాట సాయం చేశానని ఒప్పుకున్నాడు. బిడ్డ జట్టులో చోటు పోయేలా ఉందని, అందుకే చెప్పానని ఏడ్చాడట. ఫిర్యాదు మాత్రం తాను రాయలేదని పిల్లల మీద ఒట్టేశాడు. అది ఎవరు రాశారో ఎప్పటికీ తేలలేదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను మాత్రం మురళే అనుకుంటాను, లలిత ఇప్పటికీ టాన్ అంటుంది. మురళి కాంట్రాక్టు అక్కడితో ముగిసింది. ఓబులేసు మీద మచ్చ లేకుండా విచారణ మూసేశారు. నన్ను హెచ్చరించి మళ్లీ మైకు ముందు కూర్చోబెట్టారు. రాబోయే బంతిని ముందుగా చెప్పకూడదని వ్యాఖ్యాతల నియమాల్లో కొత్తగా ఒకటి చేర్చారు. శ్రావ్య పరీక్షలు ఇక్కడే రాసింది.

సీజన్ ముగిశాక ఓబులేసు అన్నను చూడటానికి సింగపూర్ వచ్చాడు. నరసింహులు ఫోన్ చేస్తే ఆదివారం సెంబవాంగ్ వెళ్లాను. ఇప్పుడు నియమం అడ్డు రాదు. నెలలుగా కడుపులో పెట్టుకున్నది చెప్పేయవచ్చని పొద్దున్నుంచీ హుషారుగా ఉన్నాను. అన్నదమ్ములిద్దరూ బస్ స్టాపు దాకా ఎదురొచ్చారు. ఓబులేసు నా కాళ్లకు దండం పెట్టాడు. షిప్‌యార్డు కుర్రాళ్లు ఆడుకుంటున్న మైదానం పక్కన నిలబడి, వాళ్ల టెన్నిస్ బంతి ఒకటి తీసుకుని, అతను పట్టుకునే తీరు చేసి చూపించాను. ఎడమ మోచేయి ఇదిగో ఇలా లేస్తోంది, దీన్ని ఒంటికి ఆనించుకో, నెల రోజులు సాధన చేస్తే పోతుందని చెప్పాను.

అతను శ్రద్ధగా విన్నాడు. బంతి తీసుకుని ఒకసారి అటూ ఇటూ తిప్పి నాకు తిరిగి ఇచ్చేశాడు.

"మీరు చేసిన మేలు నేను సచ్చేదాకా మర్సిపోను సార్" అన్నాడు. "కానీ ఆ ప్యాంటు కత ఇప్పుడు అన్ని జట్లల్లో చెప్పుకుంటాండారు. రమణ సార్ మాట ఇంటే స్టంపు పోతాదని నవ్వుకుంటాండారు. ఆ పొద్దు మీరు మురళి సార్‌కు చెప్పింది కిరణ్‌కు చేరాలనే గదా. ఇప్పుడు ఇది ఎవురికి చేరాలని నాకు చెప్తాండారు?"

"ఇది నీకే ఓబులేసూ. నీకోసమే చెప్తాండా" అన్నాను.

"మురళి సార్ గూడా అట్లే అనుకునింటాడు సార్" అన్నాడు.

కోపంగా అనలేదు, నవ్వుతూనే అన్నాడు. నరసింహులు తమ్ముణ్ని కసిరాడు. నేను వీడియో చూపిస్తానన్నాను. చానల్ బొమ్మలు బయటికి ఇవ్వకూడదు కాబట్టి అదీ కుదరలేదు. మాలిని చూసిందని చెప్పాను. ఆమె ఎవరో అతనికి తెలియదు. చేతిని మార్చుకుంటే ఉన్న బంతి కూడా పోతుందేమోనని అతని భయం. ఎవరి లాభం కోసమో నేను మార్పిస్తున్నానేమోనని అనుమానం. అతని వయసులో అతని చోట ఉంటే నేనూ అదే అనుమానపడేవాణ్ని. అనుమానం మంచి బౌలర్ లక్షణమని నేనే నమ్మినవాణ్ని కదా. ముగ్గురం కలిసి మకాన్‌కు, అదే భోజనానికి, వెళ్లాం. బిల్లు నన్ను కట్టనివ్వలేదు.

మరుసటి సీజన్ మధ్యలో ఏదో జట్టు వీడియో మనిషి ఆ మోచేయిని పట్టేశాడు. నేను మైకు ముందు కూర్చుని రెండో తెరలో చూస్తూనే ఉన్నాను. గొడుగు జారింది. బ్యాట్స్‌మన్ తీరిగ్గా ఆగి, బంతిని స్టాండులోకి కొట్టాడు. మళ్లీ జారింది, మళ్లీ కొట్టాడు. నియమం ప్రకారం నేను బంతి పడ్డాకే మాట్లాడాను. ఆ ఏడాది తర్వాత ఓబులేసును ఏ జట్టూ తీసుకోలేదు.

ఈ వృత్తిలో నేను నేర్చుకున్నవాటిలో పనికొచ్చేది ఒక్కటి చెబుతాను. ఒక మనిషికి చెప్పవలసిన నిజం మన దగ్గరున్నప్పుడు, అదే సంగతి మీద ఇంకొకరికి అబద్ధం చెప్పకూడదు. ఆ అబద్ధం ఎంత మంచికోసం చెప్పినదైనా సరే, నిజం కన్నా ముందే ఆ మనిషి దగ్గరికి చేరుతుంది.